నలభై అడుగుల గాజు తీగ

వదులుగా వేలాడే తీగ కంటబడితే లైన్‌మేన్ గారి ప్రాణం ఊరుకోదు. ఇది అలవాటో జబ్బో ఇంట్లోవాళ్ళు ఇంకా తేల్చుకోలేదు. పోయిన ఏడాది పన్ను పీకించుకోవడానికి వెళ్ళినప్పుడు, డాక్టరు మత్తు సూది వేసి పది నిమిషాలు ఆగమంటే, ఆ పది నిమిషాల్లోనే కుర్చీ కింద దూరి అక్కడున్న తీగలన్నీ వరసగా పేర్చి కట్టేశారు. ఏం చేస్తున్నారండీ అని నర్సు కంగారుగా అడిగింది. దవడ మొద్దుబారిపోయి మాట రాక ఆయన చేతులతో సైగలు చేశారు. బ్యాంకులో అంత దూరం పోలేదు. కౌంటరు కిందికి వంగగానే కాపలా మనిషి వచ్చి రెక్క పట్టుకుని లేపాడు.

టెలిఫోన్ శాఖలో ముప్పై మూడేళ్ళు చేశారాయన. మొదట స్తంభాలెక్కారు, తర్వాత రోడ్డు పక్క గోతుల్లో దిగి కేబుళ్ళు అతికారు, చివరి పదేళ్ళూ ఎక్స్ఛేంజి లోపల పనిచేశారు. అసలు పేరు పింఛను కాగితాల్లో తప్ప ఎక్కడా వినపడదు. వీధివీధంతా లైన్‌మేన్ గారనే పిలుస్తారు. ఎక్స్ఛేంజిలో ఆయన కట్టిన తీగలను చూపించడానికి కొత్తగా చేరినవాళ్ళను తీసుకొచ్చేవారట. మైనం పూసిన దారంతో వేలెడు దూరానికొక ముడి. మలుపు వచ్చిన చోట తీగల కట్ట స్కేలు పెట్టి గీసినట్టు మూల తిరిగేది. ఒక పెద్దాఫీసరు చూసి, ఇవి తీగలా, గోడమీద గీసిన గీతలా అని అడిగాడట. ఈ "అట" అన్నీ ఆయన చెప్పినవే అనుకోండి. అయినా ఒకటి మాత్రం ఊళ్ళో అందరూ ఒప్పుకుంటారు: ఆయన చేతికి వచ్చిన పాడు లైను తెల్లారేదాకా పాడుగా ఉండేది కాదు.

గాజు తీగలు, అదే ఫైబర్, ఆయన పదవీ విరమణ చేసిన ఏడాదే వచ్చాయి. శిక్షణకు రమ్మని ఆఫీసు నుంచి కాగితం వచ్చింది. ఆర్నెల్లలో వెళ్ళిపోయేవాడికి కొత్త చదువెందుకని ఆయన వెళ్ళలేదు. గాజైనా, రాగైనా, తీగ తీగే కదా అని ఆయన వాదన.

ఇంట్లో నలుగురు. లైన్‌మేన్ గారు, ఆయన భార్య, కొడుకు, కోడలు. కొడుక్కి ఫ్యాక్టరీలో రాత్రి షిఫ్టు. పగలంతా నిద్రపోతాడు కాబట్టి ఈ కథలో వాడి గురక తప్ప పెద్దగా ఏమీ లేదు. కోడలు పిల్లల ఆసుపత్రిలో మాటలు నేర్పే డాక్టరమ్మ. నత్తి ఉన్న పిల్లలు, మాట ఆలస్యమైన పిల్లలు ఆమె దగ్గరికి వస్తారు. ఆసుపత్రికి రెండు బస్సులు మారాలి. ఇప్పుడు ఆమెకు ఆరో నెల. ఆ కుదుపులు వద్దని డాక్టరు గట్టిగా చెప్పడంతో, కాన్పు అయ్యేదాకా ఇంటినుంచే కంప్యూటర్ మీద పాఠాలు చెప్పుకోమని ఆసుపత్రివాళ్ళు ఒప్పుకున్నారు. అందుకోసమే ఇంట్లోకి నెట్ వచ్చింది.

నెట్ కంపెనీ మనిషి వచ్చి వీధి తలుపు పైనుంచి నలభై అడుగుల గాజు తీగ లోపలికి లాగాడు. హాలు దాటించి, నడవాలోకి తెచ్చి, కోడలి గది బయట గోడకు రౌటర్ డబ్బా బిగించాడు. మిగిలిన తీగను పళ్ళెమంత చుట్టగా చుట్టి మేకుకు తగిలించాడు. హాలు పొడుగునా తీగ ఇక్కడ కిందికి జారి, అక్కడ పైకి లేచి, బట్టలారేసే తాడులా ఉంది.

"ఇదేంటయ్యా, ఇలా వదిలేశావు?" అన్నారు లైన్‌మేన్ గారు.

"అలానే ఉండాలి సార్, ఉండనివ్వండి," అని అతను బండెక్కేశాడు. ఎందుకో అతను చెప్పలేదు, ఈయన అడగలేదు.

బండి సందు మలుపు తిరిగిందో లేదో, ఈయన అటకమీంచి పాత సంచి దింపారు. ఆ మధ్యాహ్నమంతా స్టూలు ఎక్కడం, దిగడం, ఒక కన్ను మూసి చూడడం. తలుపు చట్రం దగ్గర రెండు మూలలు, అలమర వెనక రెండు, నడవా మలుపులో ఒకటి, డబ్బా నెత్తిన ఒకటి. మొత్తం ఆరు మలుపులు, ఆరూ చతురస్రం మూలల్లా నిక్కచ్చిగా తిప్పారు. జానెడుకో క్లిప్పు కొట్టారు. మిగిలిన చుట్టను విప్పి బొటనవేలి మీద మళ్ళీ చుట్టి, అగ్గిపెట్టెంత చేసి, మైనపు దారంతో ఎనిమిది ముడులు వేశారు. పని అయ్యాక దూరంగా నిలబడి చూసుకుంటే ఆయనకే ముచ్చటేసింది. కొడుకు నిద్రలేచి ఫోటో తీసి చుట్టాలందరికీ పంపాడు.

"పెళ్ళయిన ఇన్నేళ్ళలో నావంక ఇంత శ్రద్ధగా చూశారా ఎప్పుడైనా?" అంది భార్య.

"నువ్వెప్పుడు వదులుగా వేలాడావు కనక," అన్నారాయన. ఆవిడకు అది పొగడ్తో తిట్టో అర్థం కాలేదు గానీ, కాఫీ అయితే ఇచ్చింది.

కంపెనీవాళ్ళు చెప్పిన స్పీడు వంద. ఆ సాయంత్రం ఫోన్లో చూస్తే అరవై రెండు వచ్చింది. కొత్త లైను కదా, కుదురుకోవాలి అన్నారు లైన్‌మేన్ గారు. వారం తిరిగేసరికి అది నలభై ఒకటికి కుదురుకుంది.

లైను నెమ్మదించినప్పుడు ఆయనకు తెలిసిన వైద్యం ఒకటే. మొదటి నుంచి చివరిదాకా తీగను వేలితో తడుముకుంటూ పోయి, వదులైన చోట బిగించాలి. రాగి లైన్లలో ముప్పై మూడేళ్ళు ఆ వైద్యం పనిచేసింది. కాబట్టి తడిమారు. మూడో మూల దగ్గర తీగ గోడనుంచి వెంట్రుకవాసి లేచి ఉన్నట్టు అనిపించింది. సుత్తి పుచ్చుకుని క్లిప్పును రెండు దెబ్బలు వేశారు. ఆ పైన చుట్టకు ఇంకో నాలుగు ముడులు.

"ఇప్పుడు చూడు, ఎంత?" అని స్టూలు మీంచి అరిచారు.

కింద ఫోను పట్టుకున్న భార్య, "ఇరవై ఆరు," అంది. "ఏవండీ, మీరు సుత్తి ఎత్తినప్పుడల్లా తగ్గుతోంది."

"నీకు తెలీదులే, ఊరుకో," అన్నారాయన. ముప్పై మూడేళ్ళ అనుభవం ముందు ఆవిడ మాట గాలికి పోయింది. ఆవిడ కూడా ఏదో మాటవరసకు అన్నదే, మళ్ళీ పట్టించుకోలేదు.

ఇక తప్పు ఎవరిదో తేలాలి. ముందు మిక్సీ మీద అనుమానం వచ్చింది. మిక్సీ తిప్పినప్పుడు స్పీడు ఎంత, ఆపినప్పుడు ఎంత అని చూశారు. రెండుసార్లూ ఇరవై ఆరే. తర్వాత పక్కింటి దర్జీ దగ్గరికి వెళ్ళి, నీ కుట్టు మిషను మోటారు వల్ల మా నెట్ పోతోంది, అయిదు నిమిషాలు ఆపవయ్యా అన్నారు. దర్జీ పెద్దాయన మాట కాదనలేక ఆపాడు. అయిదు నిమిషాలు అరగంటైంది. ప్యాంటు కోసం కూర్చున్న మనిషి ఒక కాలు కుట్టి, ఇంకో కాలు కుట్టని ప్యాంటును ఒళ్ళో పెట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయాడు.

దర్జీ దగ్గరినుంచి వచ్చి, చుట్టకు ఇంకో నాలుగు ముడులు బిగించి, సగం సగం పద్ధతి మొదలుపెట్టారు. లైన్లో లోపం ఉంటే సగాన్ని విడదీసి చూడడం, ఏ సగం బాగుంటే దాన్ని వదిలేయడం. అది ఆయన పేరు నిలబెట్టిన పద్ధతి. టీవీకి వెళ్ళే నెట్ పీకారు. భార్య చూస్తున్న సీరియల్లో పెద్దకోడలు తలుపు తీయబోతున్న సరిగ్గా ఆ క్షణాన బొమ్మ పోయింది.

"తలుపు వెనక ఎవరున్నారో నాకిక ఈ జన్మకు తెలీదు," అంది భార్య.

ఆవిడ ఫోను విడదీశారు. నిద్రపోతున్న కొడుకు దిండు కిందనుంచి వాడి ఫోను లాగి అదీ ఆపేశారు. చివరికి కోడలి కంప్యూటర్ ఒక్కటే మిగిలింది. దానికి స్పీడు పద్నాలుగు. అంటే ఇంట్లో ఎవరూ నెట్ తినేయడం లేదు. మరి తీగలోనే ఎక్కడో వదులు ఉండి ఉండాలి. ఇంకేముంది, మళ్ళీ స్టూలు ఎక్కారు.

కోడలు మొదట్లో నవ్వుకుంది. మావయ్య తన కోసమే ఇన్ని పాట్లు పడుతున్నారని ఆమెకు ఆయన మీద ప్రేమే. బొమ్మ ఆగిపోయినప్పుడల్లా ఓపిగ్గా మళ్ళీ కలిపేది. సోమవారం నాడు మాత్రం పాఠం అయ్యాక గదిలోంచి బయటికి రాలేదు. భోజనానికి పిలిచినా ఉలుకూ పలుకూ లేదు. లైన్‌మేన్ గారు తలుపు తోసి చూస్తే, ఆపేసిన కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమైందమ్మాయ్? ఒంట్లో బాగాలేదా?"

"నేను బాగానే ఉన్నాను మావయ్యా. నా దగ్గర ఏడేళ్ళ పిల్ల ఉంది, చెప్పాను కదా. మొదటి అక్షరం దగ్గరే గొంతు పట్టేస్తుంది. ఎనిమిది నెలలు పట్టింది, భయపడకుండా నా ముఖం చూసి మాట్లాడడానికి. ఇవాళ ఎంత కష్టపడిందో, మెడ నరాలు తేలిపోయాయి, మాట మొత్తం బయటికి అనేసింది. అన్నట్టు ముఖం చూస్తే తెలిసింది. నాకు మాత్రం ముక్క వినపడలేదు. బొమ్మ ఆగిపోయింది." ఆమె నల్లబడ్డ తెర వైపు చెయ్యి చూపించింది. "మళ్ళీ చెప్పమ్మా అనాల్సొచ్చింది మావయ్యా. నత్తి ఉన్న పిల్లతో ఎవరూ అనకూడని మాట అది. ఆ పిల్ల నోరు మూసేసుకుంది. ఇక తెరవలేదు."

లైన్‌మేన్ గారు రెండడుగులు లోపలికొచ్చి, తర్వాతేమైందని అడిగారు.

పిల్ల తల్లి ఆసుపత్రికి ఫోన్ చేసిందట. శుక్రవారం పదకొండు గంటల పాఠంలో పెద్ద డాక్టరు కూడా కూర్చుని చూస్తానన్నారు. లైను సరిగ్గా ఉంటే సరే. లేకపోతే కోడలిని సెలవు పెట్టమంటారు, పిల్లలను వేరేవాళ్ళకు అప్పగిస్తారు.

"నా సంగతి పోనివ్వండి. ఆ పిల్ల కొత్త ముఖం ముందు మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి. పెట్టదు మావయ్యా. నాకు తెలుసు," అంది కోడలు.

"శుక్రవారానికి నీ లైను అద్దంలా ఉంటుంది. నాది పూచీ," అన్నారు లైన్‌మేన్ గారు. అని, తిన్నగా వెళ్ళి ఆరు మూలలకూ ఆరు కొత్త క్లిప్పులు కొట్టారు. స్పీడు తొమ్మిదికి వచ్చింది.

ఇక కంపెనీకి ఫోన్ చేయక తప్పలేదు. జీవితమంతా జనం ఫిర్యాదులు విన్న మనిషి, మొదటిసారి తానే ఫిర్యాదు చేయాల్సి రావడం ఆయనకు నామోషీగా ఉంది. అవతల రికార్డు చేసిన గొంతు, డబ్బా ఆపి మళ్ళీ వేయమంది. వేశారు. సమస్య తీరకపోతే మళ్ళీ అదే చేయమంది. "అమ్మా, నువ్వు పుట్టకముందునుంచి నేను లైన్లు చూస్తున్నాను," అన్నారాయన ఆ గొంతుతో. అది ఒకటి నొక్కమంది. నాలుగు సార్లు ఒకటి నొక్కాక మనిషి దొరికి, గురువారం వస్తామన్నారు. గురువారం పొద్దున్నుంచీ ఆయన కళ్ళలో వత్తులు వేసుకుని వీధి గుమ్మంలో కూర్చున్నారు. ఎవరూ రాలేదు.

శుక్రవారం తొమ్మిదిన్నరకు కంపెనీ టెక్నీషియన్ వచ్చింది. నలభై ఏళ్ళ మనిషి, భుజాన పెద్ద సంచి, చెవి వెనక పెన్సిలు. గుమ్మంలో చెప్పులు వదిలి, హాల్లోకి వచ్చి, గోడమీది తీగ వైపు చూసి అలాగే నిలబడిపోయింది. తలుపు చట్రం నుంచి అలమర దాకా, అక్కడినుంచి నడవా దాకా కళ్ళతోనే వెళ్ళి వచ్చింది.

"ఎవరు చేశారు సార్ ఈ పని?"

"నేనే," అన్నారు లైన్‌మేన్ గారు. ఇంత హడావుడిలోనూ ఆయన ఛాతీ కొంచెం ఉబ్బింది. "ముప్పై మూడేళ్ళు టెలిఫోన్ శాఖలో."

"అదే అనుకున్నాను. చాలా బాగుంది సార్," అంది టెక్నీషియన్, ఒంట్లో బాగాలేనివాళ్ళను పలకరించేటప్పుడు వాడే గొంతుతో.

ముందు వీధి గోడమీది పెట్టె తెరిచి చిన్న మీటరు పెట్టింది. "ఇక్కడిదాకా బ్రహ్మాండంగా ఉంది." తర్వాత నడవాలోకి వచ్చి రౌటర్ డబ్బా దగ్గర తీగ కొస పీకి అదే మీటరు పెట్టింది. పెదవి విరిచింది. "ఇక్కడికొచ్చేసరికి కొనప్రాణంతో ఉంది."

"అంటే మధ్యలో ఏదో ఉంది," అన్నారు లైన్‌మేన్ గారు ఆత్రంగా. సగం సగం పద్ధతి ఆయనకు ఎంతైనా ఇష్టం.

"మధ్యలో మీరే ఉన్నారు సార్."

ఆయనకు అర్థం కాలేదు. ఆమె సంచిలోంచి కలం లాంటిది తీసింది. "అమ్మా, కర్టెన్లన్నీ వేసేయండి," అని భార్యకు చెప్పి, ఆ కలాన్ని తీగ కొసకు తగిలించి మీట నొక్కింది. ఇందులోంచి ఎర్ర వెలుతురు తీగలోకి పోతుంది, తీగ బాగుంటే ఆ వెలుతురు బయటికి కనపడకూడదు, లోపలే ఆ చివరికి పోవాలి అని చెప్పింది.

హాలు చీకటైంది. డబ్బా నెత్తిన మొదటి మూల ఎర్రగా వెలిగింది. నడవా మలుపులో ఇంకొకటి. అలమర వెనకనుంచి రెండు ఎర్రటి మరకలు గోడమీద పడ్డాయి. తలుపు చట్రానికి రెండు వైపులా చెరొకటి. డబ్బా పక్కన, ఎనిమిది ముడులు పన్నెండై, పన్నెండు పదహారైన ఆ అగ్గిపెట్టెంత చుట్ట, నిప్పుకణికలా మొత్తంగా ఎర్రబడి ఉంది. ఆయన సుత్తి తగిలిన ప్రతిచోటునుంచీ వెలుతురు బయటికి కారిపోతోంది.

"అబ్బ, ఎంత అందంగా ఉందో!" అంది భార్య.

"రాగిలో కరెంటు పోతుంది సార్, ఎలా వంచినా పోతుంది," అంది టెక్నీషియన్ నెమ్మదిగా. "ఇందులో పోయేది వెలుతురు. మెల్లగా తిప్పితే తిరుగుతుంది. ఇలా మూల విరిచేస్తే తిరగలేక గోడలోకి పోతుంది."

లైన్‌మేన్ గారికి తలకొట్టేసినట్టయింది. స్టూలు మీద కూలబడ్డారు. తన పనితనం మీద అంత గర్వపడ్డందుకు సిగ్గేసింది. ఆపైన ఆ పిల్ల గుర్తుకొచ్చింది. సోమవారం ఆ పిల్ల నరాలు తేలేలా అన్న మాటను కంపెనీ మింగలేదు, మిక్సీ మింగలేదు, దర్జీ మిషను మింగలేదు. ఈ చేతులే మింగాయి. అరవై రెండు నుంచి తొమ్మిదికి ఒక్కో మెట్టే దింపింది కూడా ఈ చేతులే, అదీ ఎంతో ప్రేమగా.

"టైమెంతయింది?" అన్నారు.

"పదికి అయిదు తక్కువ," అంది భార్య.

విప్పడం వేయడం కంటే కష్టమైంది. ముప్పై మూడేళ్ళలో ఆయన వేసిన ముడి విప్పాల్సిన అవసరం ఎవరికీ రాలేదు. అందుకే అవి విప్పడానికి వీల్లేకుండా ఉన్నాయి. కత్తెరతో కోయబోతే తీగకు తగులుతుందని టెక్నీషియన్ ఆపింది. చివరికి భార్య తల్లోంచి పిన్ను తీసిచ్చింది. దాంతో ఒక్కో ముడీ ఆయనే కెలికి, వదులు చేసి, లాగారు. చెమటలు పట్టాయి. భార్య కింద స్టూలు పట్టుకుని, "తొందరపడకండి, పడతారు," అని ఒకసారి, "త్వరగా కానివ్వండి, పదిన్నరైంది," అని ఒకసారి అంటూ ఉంది. టెక్నీషియన్ అటువైపు నుంచి క్లిప్పులు పీకుతూ వచ్చింది. మూలల దగ్గర తీగను వెడల్పుగా, చంద్రవంకలా వదిలింది. నలిగిపోయిన కొసను కోసేసి కొత్త కొస వేసింది. మిగిలిన చుట్టను పళ్ళెమంత చేసి పాత మేకుకే తగిలించింది. అది చూడలేక లైన్‌మేన్ గారు ముఖం తిప్పుకున్నారు.

"తొంభై ఏడు!" అని భార్య అరిచింది. నిద్రలో కొడుకు గురక ఒక్క క్షణం ఆగి మళ్ళీ మొదలైంది.

టెక్నీషియన్ కాగితం తీసి రాయబోయింది. వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ లోపానికి కారణం రాయాలి. ఆయన ముఖం చూసి గొంతు తగ్గించింది. "అలమర జరిపినప్పుడు తీగ నలిగిందని రాస్తాను సార్. ఎవరూ అడగరు."

లైన్‌మేన్ గారు ఒక్క నిమిషం ఆ మాటను చప్పరించారు. తియ్యగానే ఉంది. కోడలు గదిలో తలుపు దగ్గరగా వేసుకుని బొమ్మల కార్డులు సర్దుకుంటోంది, ఎర్ర దీపాలు చూడలేదు. భార్యను ఎలాగో ఒప్పించవచ్చు. లైను బాగుచేసిన ఘనత కూడా తన ఖాతాలోనే పడుతుంది.

"వద్దమ్మా. ఉన్నదే రాయి," అన్నారు చివరికి. "ఇంటి పెద్దమనిషి బిగించి కట్టడం వల్ల అని రాయి. ఇంకో ఇంట్లో నాలాంటి ముసలాడే ఉంటాడు. వాడికైనా ఎవరో ఒకరు ముందే చెప్పాలి."

ఆమె పెన్సిలు పెట్టి అలాగే రాసింది. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "కానీ సార్, కట్టడం మాత్రం నిజంగానే బాగా కట్టారు," అంది. ఈసారి గొంతు మామూలుగానే ఉంది.

పదకొండుకు పది నిమిషాలుందనగా ఆయన కోడలి గది తలుపు తట్టారు. బల్లమీద బొమ్మల కార్డులు వరసగా పేర్చి, జుట్టు సర్దుకుంటోంది. చెవులకు ఏమీ పెట్టుకోలేదు. తీగలు చూస్తే పిల్లలు బెదురుతారని ఆమె ఎప్పుడూ స్పీకర్లోనే మాట్లాడుతుంది.

"అమ్మాయ్, ఇన్నాళ్ళూ నీ లైను పాడుచేసింది కంపెనీ కాదు. నేనే. బిగించి బిగించి దాని పీక నొక్కేశాను."

కోడలు ఆయన వంక చూసింది. ఆయన తిట్లకు సిద్ధంగా నిలబడ్డారు. నిజానికి తిడితే బాగుండునని ఉంది. ఆమె ఒక్కసారి కళ్ళు మూసుకుని తెరిచింది.

"ఇప్పుడు స్పీడు వచ్చిందా?"

"వచ్చింది. తొంభై ఏడు."

"అయితే ఇప్పుడేం చెప్పకండి మావయ్యా. నాకు పన్నెండు తర్వాత కోపం వస్తుంది, అప్పుడు తీరిగ్గా తిడతాను. ఇప్పుడు మాత్రం దాన్ని ముట్టుకోకండి. ఏమైనా సరే."

రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్ళే తీగ తలుపు సందులోంచి పోతుంది కాబట్టి ఆ తలుపు పూర్తిగా పడదు. నడవాలో డబ్బా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంటే, ఆ సందులోంచి కోడలి భుజం, దాని పక్కనే తెర కనిపిస్తాయి. లైన్‌మేన్ గారు అక్కడే కూర్చున్నారు. తెరమీద రెండు గళ్ళు. ఒకదాంట్లో పెద్ద డాక్టరు, కళ్ళజోడు, ముక్కుమీద వేలు. రెండోదాంట్లో రెండు జడల పిల్ల, పెదాలు బిగించుకుని.

కోడలు తొందరపడలేదు. ఆ మాటా ఈ మాటా చెప్పింది, తానే రెండు కార్డులు చూపించి తానే పేర్లు చెప్పింది. పిల్ల తలూపింది. మూడో కార్డు ఎత్తి పట్టుకుంది. గొడుగు బొమ్మ.

"ఇదేంటో నీకు చెప్పాలనిపిస్తే చెప్పు. నేను వింటాను," అంది.

పిల్ల నోరు తెరిచింది. శబ్దం రాలేదు. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది. కోడలు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కదలకుండా ఉంది. డాక్టరు ముక్కుమీద వేలు ముక్కుమీదే ఉంది. అయిదు సెకన్లు, పది సెకన్లు. తెరమీద ఏదీ కదలడం లేదు.

పోయింది, అనుకున్నారు లైన్‌మేన్ గారు. లైను పోయింది. డబ్బా మీద పచ్చ దీపాలు వెలుగుతూనే ఉన్నాయి, అయితే దీపాలను నమ్మే మనిషి కాదాయన. తనకు తెలియకుండానే లేచారు. మేకుకు వేలాడుతున్న ఆ చుట్ట కళ్ళెదుట ఉంది, వదులుగా, దిక్కుమాలినట్టు. చెయ్యి దానిమీదికి వెళ్ళింది. ఒక్కసారి సర్దితే, కొస కొంచెం లోపలికి నొక్కితే... వేళ్ళు తీగకు బెత్తెడు దూరంలో ఉన్నాయి.

అప్పుడు చూశారు. తెరమీద పిల్ల వెనకాల కిటికీ కర్టెను మెల్లగా ఉబ్బి, తగ్గింది. మళ్ళీ ఉబ్బింది.

లైను ఉంది. ఆ నిశ్శబ్దం లైనుది కాదు, పిల్లది. ఆ పిల్ల ఆ క్షణాన తన గొంతులో దారి వెతుక్కుంటోంది. దాంట్లో ఎవరూ బిగించాల్సిందీ, తట్టాల్సిందీ ఏమీ లేదు. కోడలు అందుకే కదలకుండా కూర్చుంది.

లైన్‌మేన్ గారు చెయ్యి వెనక్కి తీసుకున్నారు. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. స్టూలు మీద కూర్చుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటిమీద బరువంతా వేశారు. పదిహేను సెకన్లు. ఇరవై.

"గ్... గ్... గొడుగు," అంది పిల్ల.

స్పష్టంగా, పక్క గదిలోంచి అన్నట్టు వినపడింది. పిల్ల వెంటనే తెరకు దగ్గరగా జరిగి, కోడలి ముఖంలోకి అనుమానంగా చూసింది. మళ్ళీ చెప్పమంటారేమోనని ఆ చూపు.

"వి... వినపడిందా మేడమ్?"

"వినపడిందమ్మా," అంది కోడలు. "మొదటిసారే వినపడింది."

పిల్ల నవ్వింది. ముందు పళ్ళు రెండు లేవు. ఎవరూ అడగకుండానే నాలుగో కార్డు వైపు వేలు చూపించింది. నడవాలో లైన్‌మేన్ గారి కళ్ళలో నీళ్ళు తిరిగి చెంపలమీదికి జారాయి. ఆయన తుడుచుకోలేదు, చేతులు ఖాళీ లేవు. పాఠం ఇంకా అరగంట ఉంది.